అపొండి పేరు మీద ఆపరేషన్

రండమ్మా, రండయ్యా, ముందుకు జరగండి. ఆ మూల చేపల బేరం రేపు తేల్చుకోవచ్చు. ఏడ్చే చంటిదాన్ని చంకనెత్తుకోండి, నోళ్ళు కాసేపు కట్టేసి చెవులు ఇటు పడేయండి. పోయినవారం కథ ఆపినప్పుడు అపొండి ఆసుపత్రి కిటికీ ముందు నిలబడి ఉంది కదా, ఇప్పుడు ఇంటికొచ్చి పడింది. వచ్చీ రాగానే వాకిట్లో పెట్టిన కేకకి సరస్సులో నీటిగుర్రాలు మూడు తలలు ముంచేసి, సాయంత్రం దాకా పైకి తేలలేదు.

"నా గర్భసంచి తీసేశారంట! వింటున్నారా? నాది! నా గర్భసంచి!"

ఎనిమిదో నెల నిండిన కడుపు. రెండు చేతులూ ఆ కడుపు మీదే వేసుకుని అరుస్తోంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక, వాటిని దారిలోనే ఎక్కడో వదిలేసింది.

మొగుడు ఒడెరో మోటారుసైకిలు మీద ఊళ్ళో జనాన్ని తిప్పుతాడు. బండి స్టాండు కూడా వేయకుండా పెళ్ళాం వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నువ్వు సరిగ్గా విన్నావా? ఇంకెవరి పేరో అయ్యుంటది."

"పేరు నాదే. పుట్టిన తేదీ నాదే. కార్డు నంబరూ నాదే. పోయినేడు మార్చిలో మిషను ఆసుపత్రిలో తీశారంట, ఖర్చంతా బీమా కంపెనీ కట్టిందంట. ఆ కిటికీలో పిల్ల చదివింది, నా కడుపు వంక చూసింది, మళ్ళీ చదివింది. 'ఆంటీ, మీకసలు సంచే లేదు, కాన్పుకి కార్డు ఎట్టా పనిచేస్తది?' అంది."

"మార్చిలోనా?" ఒడెరో గొంతు మారింది. "మార్చిలో నువ్వు నెల్లాళ్ళు గెమ్‌లో మీ అమ్మ దగ్గరున్నావు."

"ఉంటే?"

"ఏం లేదు. నాకు చెప్పకుండా ఏమన్నా చేయించుకున్నావేమోనని."

"చేయించుకుంటే మరి ఇదేంటయ్యా? గుమ్మడికాయ మింగానా?"

ఈ మాటలన్నీ జెముడు కంచె అవతల నిలబడిన అత్తగారు పెర్సిలా వింది. నెత్తిమీద ఖాళీ చేపల బేసిన్ ఉంది. బజారు నుంచి వస్తూ గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి అడుగు పడటం లేదు.

ఎందుకు పడుతుంది? అరవై రెండు కుటుంబాల బీమా కార్డులు పెర్సిలా మంచం కింద బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంటాయి. చేపలు కాల్చి అమ్ముకునే ఆడవాళ్ళ సంఘానికి ఆవిడ ప్రెసిడెంటు. ప్రతి దగ్గుకీ తుమ్ముకీ ఆసుపత్రికి పరిగెడితే మరుసటేడు కంపెనీ ధర పెంచుతుంది. ధర పెరిగితే ఒంట్లో బాగున్నవాళ్ళు మానేస్తారు. అప్పుడు రోగిష్టివాళ్ళే మిగిలి, ధర ఇంకా పెరుగుతుంది. అందుకని కార్డులన్నీ ఒక్కచోట పెట్టి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో పెర్సిలా చూసి ఇచ్చేటట్టు అందరూ ఒప్పుకున్నారు. జ్వరానికి రాదు, పన్నుపోటుకి రాదు. ప్రాణం మీదికొస్తేనే ఆ డబ్బా మూత లేస్తుంది.

ఒడెరో తల్లిని చూశాడు.

"అమ్మా, దీని కార్డు నీ డబ్బాలోనేగా ఉండేది?"

"ఉండేది."

"మరి మార్చిలో ఎవరు తీసినట్టు?"

పెర్సిలా బేసిన్ దించింది. దాన్ని బోర్లించింది. మళ్ళీ వెల్లకిలా తిప్పింది.

"ఆసుపత్రోళ్ళే తప్పు రాసుంటారు. వాళ్ళకి పొద్దున్నుంచి వెయ్యి పేర్లు."

వాకిలి చివర పెద్దకోడలు అడోయో చేపలకి పొలుసు గీస్తోంది. ఆ కత్తి ఆగింది. ఆగిన చప్పుడు పెర్సిలాకి ఒక్కతికే వినబడింది.

అపొండి ఏడుస్తూ తన ఇంట్లోకి పోయి పడుకుంది. ఆ ఇంటి లోపలికి పెర్సిలా పోలేదు. కొడుకూ కోడలూ పడుకునే గదిలో తల్లి కాలు పెట్టడం ఆ వైపు ఎవరూ చేయని పని. గుమ్మం బయటే నిలబడి, తలుపుతో మాట్లాడింది.

"డాక్టరు ఏమన్నాడే, గెమ్ పిల్లా?"

"బీపీ నెత్తికెక్కిందంట అత్తా. శుక్రవారం లోపల కోసి తీయాలంట. దాటితే నాకో బిడ్డకో ఆశ వదులుకోమన్నాడు."

"సర్కారు ఆసుపత్రికి పోతే?"

"సమ్మె. గేటుకి తాళం. తాళం ముందు మేకలు పడుకునున్నాయి."

ఇవాళ మంగళవారం. పెర్సిలా తలుపు చెక్క మీద చెయ్యి వేసింది. ఇప్పుడే చెప్పేయాలని నోరు తెరిచింది. 

"టీ తాగావా?" అంది.



పొద్దు వాలకముందే అత్తా పెద్దకోడలూ పొగపొయ్యి దగ్గర పడ్డారు. చేపలు వరసగా తీగల మీద పేర్చి, కింద పచ్చి కొమ్మలు తోస్తుంటే పొగ మొహాల మీదికి కొడుతోంది. చేప మీద చేప. కొమ్మ మీద కొమ్మ.

"నేను అడిగానా?" అంది అడోయో చివరికి, పొయ్యిలోకే చూస్తూ. "ఇంట్లోనే పోతాను, వదిలేయండి అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు."

"మంచం మీంచి నెత్తురు నేల మీదికి కారుతుంటే నువ్వే డబ్బా తెచ్చావు. నువ్వే నా చేతిలో దాని కార్డు పెట్టావు. 'ఈ వారం నీ పేరు అపొండి, ఎవరు పిలిచినా పలుకు' అన్నావు."

"మరి నీ కార్డు ఏదే? నీ మొగుడు మాన్పించలేదూ? ధర పెరగ్గానే, 'మా ఇద్దరికీ ఏ రోగం లేదు, ఊరికే ఎందుకు పోయాలి' అని మొంబాసా నుంచి ఫోను చేశాడుగా నా పెద్దకొడుకు! రెండు నెలలు తిరిగిందో లేదో నువ్వు పడ్డావు."

"ఆయన మాన్పించాడు, నేను కాదు."

"ఆ నెత్తురు మాత్రం నీదేగా. చూస్తా కూర్చోమంటావా?"

అడోయో కళ్ళు తుడుచుకుంది. పొగకా కాదా అని అడగడానికి అక్కడ మూడో మనిషి లేదు.

"నర్సు 'అపొండీ, అపొండీ' అని పిలిచేది. నేను పలికేదాన్ని కాదు. 'ఈమెకి చెవుడు కూడా ఉంది, రాసుకోండి' అంది ఒకరోజు."

పెర్సిలాకి నవ్వొచ్చింది. వచ్చి, సగంలోనే ఆగిపోయింది.

"అత్తా, చెప్పకు."

"శుక్రవారం దాకానే ఉంది దానికి టైము."

"నాకు సంచి లేదని ఆయనకి తెలీదు. ముగ్గురూ ఆడపిల్లలే అని ఇప్పటికే ఫోనులో నసుగుతున్నాడు. తెలిస్తే ఆ మొంబాసా నుంచే ఇంకొకదాన్ని తోలుకొస్తాడు. వచ్చే ఏడు వస్తావు కదా, అప్పుడు చూద్దాం అని చెప్తా చెప్తా నెట్టుకొస్తున్నాను. నువ్వు చెప్పావో, నా పేరు ఊరంతా బేసిన్లో పెట్టి అమ్ముతారు."

"చెప్పకపోతే?"

అడోయో ఆ ప్రశ్నని విననట్టే ఒక చేపని తిప్పింది. అది అప్పటికే మాడింది.

మరునాడు పొద్దున బజారు రేకుల షెడ్డు కింద సంఘం కూర్చుంది. ఏడాది పాలసీ తిరగరాసే రోజు. అరవై రెండు మందికి గాను అరవై రెండు మందీ వచ్చారు, ధర ఏమవుతుందో వినాలని. షెడ్డు మీద బట్టతల కొంగలు కూడా ఎన్నడూ లేనంత బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. అపొండిని ఒడెరో బండి మీద తెచ్చి, ఒక చేపల పెట్టె మీద కూర్చోబెట్టాడు. ఆమె మొహం కూడా పాదాల్లాగే ఉబ్బిపోయింది. అడోయో అందరికీ వెనక, స్తంభం పక్కన.

కంపెనీ మనిషి వాఫులా ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేపల నీళ్ళు బూట్లకి తగలకుండా అడుగులు ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చాడు.

"అమ్మలూ, శుభవార్త. ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ ఈ ఏడు ధర పెరిగింది. మీకు మాత్రం పైసా పెరగలేదు. మీరు వాడింది తక్కువ. పెర్సిలమ్మ డబ్బా మహత్యం ఇది!"

షెడ్డు ఎగిరిపోయింది. ఆడవాళ్ళు లేచి ఈలలు నాలుకతో మోగించారు. ఒకామె బేసిన్ వాయించింది. పోయినేడు మానేసిన నలుగురు పక్కనుంచి వచ్చి, "అయితే మేమూ చేరతాం, మా పేర్లూ రాయించక్కా" అన్నారు. పెర్సిలా ఏ ఏడాదైనా ఇలాంటి పొద్దు కోసమే చూసింది. ఇవాళ అది వచ్చింది. ఆవిడ మాత్రం కూర్చున్నచోటే కూర్చుంది.

"ఒక్క చిన్న వంకర ఉంది," అన్నాడు వాఫులా కాగితం తిప్పుతూ. "గర్భసంచి తీసేసిన ఒకావిడ కాన్పుకి కార్డు పెట్టింది. ఆఫీసులో ఒకటే నవ్వు."

కొందరు నవ్వారు. అపొండి తల వంచుకుంది.

వాఫులా పెర్సిలా పక్కకి వంగి, గొంతు తగ్గించాడు. "కంగారేం లేదమ్మా. ఆసుపత్రి తప్పు అని ఒక ముక్క రాసివ్వండి. విచారణకి పంపుతాను. నెలరోజుల్లో తేలుద్ది. ఈలోపు పాలసీ ఆగదు. మీరు ఇక్కడ సంతకం పెట్టేస్తే ఈ ధర ఏడాది దాకా మీదే."

"నెలరోజులా?"

"ఎక్కువలో ఎక్కువ."

పెన్ను పెర్సిలా చేతికి వచ్చింది. ఎదురుగా అరవై రెండు జతల కళ్ళు. మొగుళ్ళు పోయినవాళ్ళు, కిడ్నీలకి నెలనెలా ఆసుపత్రికి పోయేవాళ్ళు, నలుగురు పిల్లల్నీ ఆ ఒక్క కార్డు మీదే బతికించుకుంటున్నవాళ్ళు. పక్కన చేపల పెట్టె మీద ఒక్క కడుపు.

పెన్ను కాగితం మీదే పెట్టి లేచింది.

"విచారణ అక్కర్లేదు. ఆసుపత్రి తప్పు కాదు. ఆ కార్డు నేనే తీశాను."

ఈలలు ఆగాయి.

"పోయినేడు మార్చిలో, నా చిన్నకోడలు ఊళ్ళో లేనప్పుడు, దాని కార్డు తీసి సంఘంలో లేని మనిషికిచ్చాను. ఆ ఆసుపత్రిలో ఆరోజు కరెంటు లేదు, వేలిముద్ర మిషను పనిచేయలేదు. పేరు చెప్పి చేర్పించాను. ఆపరేషను దాని పేరు మీద రాశారు."

ఒడెరో పెళ్ళాం వంక చూసి, నిన్న అన్న మాట గుర్తొచ్చి, నేల చూపులు చూశాడు.

అంతే, షెడ్డంతా ఒక్కసారి లేచింది.

"ఎవరికి? ఎవరికిచ్చావు?"

"మాకు రూలు, నీకు కాదా?"

"పెర్సిలక్కా, నువ్వా? నువ్వే ఇట్టా చేస్తే డబ్బా ఎందుకు, జల్లెడ పెట్టుకోవాల్సింది!"

వాఫులా మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. "అమ్మా, ఇది నా ముందు అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు నేను విన్నాను." కాసేపు నుదురు రుద్దుకున్నాడు. "సరే. నిజం రాసిస్తే రికార్డు ఈరోజే సరిచేయించగలను. ఈవిడ ఆపరేషనుకి మధ్యాహ్నానికల్లా అనుమతి వస్తది. కాని అప్పుడు ఈ ధర ఉండదు. పాత ఆపరేషను ఖర్చు సంఘం నుంచి రాబట్టుకుంటారు. పాలసీయే రద్దు చేస్తారో, రెట్టింపు చేస్తారో నా చేతిలో లేదు. ఇంకో సంగతి. ఆపరేషను చేయించుకున్న మనిషి ఎవరో పేరు కావాలి, వేలిముద్ర కావాలి. పేరు లేకపోతే కాగితం కదలదు."

పెర్సిలా పెదాలు బిగించింది. పేరు ఆవిడ నోట రాదు. రాదని అడోయోకీ తెలుసు.

కొంగ ఒకటి రెక్క దులుపుకుంది.

స్తంభం పక్కనుంచి అడోయో కదిలింది. ఆడవాళ్ళు మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చారు. ఎందుకు ఇస్తున్నారో తెలియకుండానే ఇచ్చారు. ముందుకొచ్చి, తడిచేతిని కొంగుకి తుడుచుకుని, ఆ బొటనవేలు చూపించింది.

"ఇది తీసుకో అయ్యా. వారం రోజులు నా పేరు అపొండి. సంచి పోయింది నాది."

ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో, "మొగుడు ఓమోలోకి తెలుసా?" అన్నారు. తెలిస్తే ఏమవుతుందో అడిగినవాళ్ళకీ తెలుసు.

అడోయో తోడికోడలి వైపు తిరగలేక తిరిగింది. అపొండి ఆమెనే చూస్తోంది.

"నాతో ఒక్క ముక్క చెప్తే," అంది అపొండి, "నేనే ఇయ్యకపోదునా అక్కా?"

అడోయో వాఫులా సిరా పెట్టె ముందు వంగి, వేలు అద్దింది.

"ఇప్పుడు సంఘం తరఫున సంతకాలు," అన్నాడు వాఫులా. "ప్రెసిడెంటు, ట్రెజరర్. రెండూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా చెల్లదు."

పెర్సిలా పెట్టింది. సంతకం గీత దాటిపోయింది.

ట్రెజరర్ యూనియా ముందు వరసలోనే ఉంది. పెర్సిలాతో కలిసి ముప్ఫై ఏళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర చేపలు కాల్చిన మనిషి. లేవలేదు. కాగితాన్ని తన దగ్గరికే తెప్పించుకుంది. ఎడమ కన్ను తెల్లగా పూత పట్టి ఉంటుంది, కుడి కన్ను కాగితానికి జానెడు దూరంలోకి తెచ్చి చదివింది.

"రెండేళ్ళ కింద నీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను, గుర్తుందా పెర్సిలా?"

పెర్సిలా ఆ తెల్ల కన్ను వంక చూసింది.

"కంట్లో సూదులు పొడుస్తున్నట్టుందే, కార్డు ఇవ్వవే అన్నాను. 'పొగలో అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి యూనియా, చల్లనీళ్ళు కొట్టుకో' అన్నావు. మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ మూత తెరవలేదు నువ్వు."

"అప్పుడు కిడ్నీవాళ్ళు ఇద్దరు ఒక్కసారే చేరారు. ఇంకొకటి పడితే ధర—"

"తెలుసు. ధర పెరుగుద్ది. అందరం పోతాం. నువ్వు చెప్పావు, నేను నమ్మాను. ఒక్క కన్నేగా, అందరి కోసం పోతే పోయిందిలే అనుకున్నాను." యూనియా గొంతు పెరగలేదు. అదే అందరినీ భయపెట్టింది. "నీ ఇంట్లో నెత్తురు కారినప్పుడు మాత్రం నువ్వు ధర గురించి ఆలోచించలేదు."

"లేదు," అంది పెర్సిలా. "ఆలోచించలేదు."

"అబద్ధమైనా ఆడకపోయావా? కోపం తెచ్చుకోడానికి వీలుండేది."

పెర్సిలా మోకాళ్ళ మీద కూర్చుంది, చేపల నీళ్ళలోనే. "నన్ను తీసెయ్. డబ్బా నువ్వు తీసుకో. ఊళ్ళో ఏమన్నా అనుకో. అపొండి మాత్రం శుక్రవారం దాకానే ఆగుద్ది యూనియా. ఆ పిల్ల నీకేం చేసింది?"

"ఏం చేయలేదు. నేను సంతకం పెడితే నీ కోడలు బతుకుద్ది. పెడితే ఈ అరవై మందిలో రేపు ఎవరు చేరతారో, ఎవరు చస్తారో నీ డబ్బాకే తెలియదు." యూనియా తల ఎత్తింది. ఆ ఒక్క కంటితో వరసలు వరసలుగా చూసింది, కిడ్నీల మనిషిని, చంటిబిడ్డల తల్లుల్ని, చివరికి చేపల పెట్టె మీద అపొండిని. "చెప్పండే మీరు. పెట్టమంటారా, వద్దంటారా?"

పెట్టమని ఒక్కరూ అనలేదు. వద్దని కూడా ఒక్కరూ అనలేదు. అపొండి రెండు చేతులూ కడుపు మీద బిగించి, ఒక్కసారి ముందుకు వంగింది. ఒడెరో పట్టుకున్నాడు. "ఏంటే? ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు," అంది ఆమె పళ్ళు బిగించి, "రాయనివ్వండి ఆమెని, రాయనివ్వండి."

యూనియా పెన్ను కాగితం మీదికి దించింది. మొన గీత పక్కన, గోరంత ఎడంలో ఆగి ఉంది.

షెడ్డు బయట బోర్లించిన పడవ మీద కూర్చుని, పొద్దుటి నుంచి వలకి మాటు వేసుకుంటున్న ముసలి ఒగోలా దారం పళ్ళతో కొరికి, తలెత్తాడు.

"నాకు ఒక్కటే అర్థం కాట్లేదమ్మా," అన్నాడు. "ఆ సంచి తీసినందుకు డబ్బు కట్టింది కంపెనీ. అంటే అది కంపెనీ సొంతం. మరి ఇంత రభస దేనికి? శుక్రవారం నాడు కంపెనీనే కనేయమనండి!"